బిల్లీ ఐలిషా, ద క్యూరా? ముందు ఏది వినాలి

2024లో వచ్చిన పాప్, రాక్ ఆల్బమ్‌లలో ఒక్కటి మాత్రం తీరిగ్గా కూర్చుని వినాలంటే ఏది వినమంటారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ల మనసులో ఎక్కువగా ఉన్నవి రెండే. మే 17న వచ్చిన అమెరికన్ పాప్ గాయని బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ ఒకటి, నవంబర్ 1న వచ్చిన ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ ఇంకొకటి. మొదటిది వచ్చేనాటికి బిల్లీకి 22 ఏళ్లు, రెండోది వచ్చేనాటికి క్యూర్ గాయకుడు రాబర్ట్ స్మిత్‌కి 65. ఒకదాంట్లో 10 పాటలు, ఇంకోదాంట్లో 8, రెండూ గంటలోపే అయిపోతాయి కాబట్టి టైమ్ లేదనే సాకు దేనికీ పనికిరాదు.

బిల్లీ ఈసారి ముందుగా విడిగా ఒక్క పాట (సింగిల్) కూడా వదల్లేదు, వింటే మొత్తం ఒకేసారి వినాలన్నట్టు ఆల్బమ్ అంతా ఒకే రోజు చేతిలో పెట్టింది. పాప్‌లో ఇంత పెద్ద పేరున్నవాళ్లు అలా చేయడం అరుదు. అయినా చాలామంది ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ ఒక్కటి లూప్‌లో వేసుకుని ఆల్బమ్ అంతా అలాగే ఉంటుందనుకున్నారు. అసలు సంగతి ‘ద గ్రేటెస్ట్’లో ఉంది. గిటార్ తీగల మీద మెల్లగా మొదలై, దాదాపు చెవిలో గుసగుసలాడుతున్నట్టు సాగి, సగం దాటాక డ్రమ్స్ పడటంతో ఆ అమ్మాయి గొంతు పూర్తిగా విప్పుతుంది. ఇన్నాళ్లూ మెల్లగా పాడుతుందని పేరు తెచ్చుకున్న మనిషి అలా ఎలుగెత్తితే నాకు ఒళ్లు జలదరించింది. అన్న ఫినియస్ ప్రొడక్షన్ కూడా ఎంత శుభ్రంగా ఉందంటే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది.

నాకు నచ్చనిది ఒక్కటే, పాట మధ్యలో మలుపు తిప్పడం. ‘లామూర్ ద మా వీ’లో నిదానంగా నడుస్తున్న పాట ఉన్నట్టుండి డ్యాన్స్ బీట్‌లోకి దూకుతుంది, అక్కడ బాగానే పండింది. ‘బిటర్‌సూట్’కి వచ్చేసరికి మాత్రం ఒక భావం మనసుకు ఎక్కేలోపే ఇంకోటి వచ్చేస్తుంది.

నా వరకు తేల్చేసే విషయం ఇదే, పాట మన కోసం తొందరపడుతోందా, లేక మనల్ని నిలబెట్టి వినిపిస్తోందా అన్నది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క, అందుకే ఈ రోజుల్లో చాలా పాటల్లో మొదటి అరనిమిషంలోనే పల్లవి వచ్చి పడుతోంది. అలాంటి కాలంలో క్యూర్ వాళ్లు ఆల్బమ్ తెరవగానే ‘అలోన్’లో మూడు నిమిషాలకు పైగా గొంతే వినిపించనివ్వరు. బరువైన డ్రమ్స్, వాటి మీద పరుచుకునే కీబోర్డ్, మధ్యమధ్యలో గిటార్, అంతే. స్మిత్ నోరు తెరిచేసరికి మనం అప్పటికే ఆ దిగులులో కూర్చుని ఉంటాం, ఆయన ఏమీ వివరించనక్కర్లేదు. చివరి ‘ఎండ్‌సాంగ్’ 10 నిమిషాల పాట, అందులో ఆరు నిమిషాలు దాటాకే మాటలు మొదలవుతాయి. వాద్యాలే కథ సగం చెప్పేస్తాయి!

ఇంకో సంగతి. బిల్లీ తన అన్నతో కలిసి పాటలు కడుతుంది, స్మిత్ ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’లో చనిపోయిన తన అన్న రిచర్డ్ గురించి పాడతాడు. పియానో మీద అవే నాలుగైదు స్వరాలు తిరిగి తిరిగి వస్తుంటాయి, పెద్ద పెద్ద మాటలేమీ ఉండవు, గొంతు నలభై ఏళ్ల కిందటిలాగే ఉంది. 2008 తర్వాత 16 ఏళ్లకు వచ్చిన ఆల్బమ్ ఇది. ఇందులో చాలా పాటల్ని ముందే కచేరీల్లో పాడి పాడి సానబెట్టారు, ఆ పదును వినిపిస్తుంది. మిక్సింగ్ మాత్రం మరీ దట్టంగా ఉంది, ఫోన్ స్పీకర్లో పెడితే బేస్, కీబోర్డ్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

మిగతావాటి గురించి కూడా అడిగారు. ఏప్రిల్ 19న ఒకే రోజు రెండు పెద్ద ఆల్బమ్‌లు వచ్చాయి. టేలర్ స్విఫ్ట్ ‘ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్’ పెద్ద ఎడిషన్‌లో 31 పాటలున్నాయి, సగం తీసేస్తే మంచి ఆల్బమ్. రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ ‘డార్క్ మ్యాటర్’ హుషారుగా ఉంది, వాళ్ల అభిమానులకు చాలు.

నన్నడిగితే క్యూర్. ప్రయాణంలో ఇయర్‌ఫోన్స్‌తో వినేవాళ్లయితే బిల్లీతో మొదలుపెట్టండి, నష్టమేం లేదు. రాక్ అలవాటు లేనివాళ్లు ‘అలోన్’ దగ్గర విసుగొచ్చి ఆపేయకండి, వెంటనే వచ్చే ‘అండ్ నథింగ్ ఈజ్ ఫరెవర్’, ఆ తర్వాతి ‘ఎ ఫ్రాజైల్ థింగ్’ కూడా విన్నాక కొనసాగించాలో వద్దో తేల్చుకోండి. షఫుల్ మాత్రం ఆఫ్ చేయండి.