స్కూల్ హెల్త్ చెకప్ ప్యాకేజీ రివ్యూ: 30 పరీక్షలు, పిల్లాడికి 72 సెకన్లు

స్కూలుకే వచ్చి, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఒకే రోజులో ఆరోగ్య పరీక్షలు చేసి, తలా ఒక రంగుల రిపోర్టు చేతిలో పెట్టే ప్యాకేజీ గురించి ఈ రివ్యూ. ఫలానా కంపెనీది అని కాదు, ఎవరు అమ్మినా సరుకు ఇంచుమించు ఇదే. కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే 5కి 2 ఇస్తాం. సగం పరీక్షలు కొట్టేయించి, మిగిలినవి దగ్గరుండి సరిగ్గా చేయించుకుంటే 4.

ముందు ఒక లెక్క. 300 మంది పిల్లలు, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా, అంటే 360 నిమిషాలు. మధ్యలో విరామం అసలు లేదనుకున్నా, ఒక్కో టేబుల్ దగ్గర పిల్లాడికి దక్కేది 72 సెకన్లు. 30 పరీక్షలని గొప్పగా అచ్చు వేసినా, క్యూ కదిలేది అన్నిటికన్నా నిదానంగా నడిచే టేబుల్‌ని బట్టే. అక్కడ జనం పేరుకోగానే ఏదో ఒకటి కోసేస్తారు. కోసేది ఎప్పుడూ కంటికి కనపడని భాగమే: కూర్చోబెట్టే సమయం, రెండోసారి చూడటం, పిల్లాడితో నాలుగు మాటలు.

చూపు పరీక్షతో మొదలుపెడదాం, ఈ ప్యాకేజీ మొత్తంలో ఎక్కువ లాభం దీనితోనే. దూరపు చూపు తగ్గడం ఈ వయసులో మామూలు. పిల్లలు మాత్రం చెప్పరు, బోర్డు అందరికీ అలాగే మసకగా కనిపిస్తుందనుకుంటారు. చార్ట్ వేలాడదీసి చదివించడమే కదా, ఇందులో తప్పేం జరుగుతుంది అనిపిస్తుంది. చాలానే జరుగుతుంది. గది చిన్నదని 6 మీటర్ల చార్ట్‌ని 3 మీటర్ల దూరంలో పెట్టేస్తారు. అప్పుడు 6/6 (మామూలు చూపు) వరుస గడగడా చదివిన పిల్లాడి అసలు చూపు 6/12 కావచ్చు, అంటే మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివేది వాడికి 6 మీటర్లకి వస్తేగానీ కనపడదు. అద్దాలు కావలసిన పిల్లాడే ‘నార్మల్’ ముద్రతో బయటికొస్తాడు. 3 మీటర్లకే తయారు చేసిన చార్టులు వేరే ఉన్నాయి. అది ఎన్ని మీటర్ల చార్టో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, టేపు పెట్టి దూరం కొలవడానికి అర నిమిషం చాలు.

రెండో గండం క్యూ. వరుసలో నిలబడ్డవాళ్లకి చార్ట్ కనబడుతుంటే, పదో పిల్లాడి వంతు వచ్చేసరికి అక్షరాలు కంఠతా వచ్చేసి ఉంటాయి. క్యూని చార్ట్‌కి వీపు పెట్టించి నిలబెట్టాలి, లేదా ఎడమ కంటికి ఇంకో చార్ట్ వాడాలి, కనీసం కుడి నుంచి ఎడమకి చదివించాలి. మూడోది చెయ్యి. వేళ్లతో కన్ను మూసుకుంటే సందుల్లోంచి చూస్తారు. అరచేత్తో గట్టిగా అదిమితే, ఆ కన్ను తెరిచిన కాసేపటిదాకా మసకే, దాంతో బాగున్న కన్నే తప్పినట్టు వస్తుంది. గరిటె ఆకారపు అట్టముక్క చాలు, అదిమిపెట్టనక్కర్లేదు. కళ్లు చికిలించి చదివితే ఆ వరుస లెక్కలోకి రాదు. ఇప్పటికే అద్దాలున్నవాళ్లని అద్దాలతోనే చూడాలి. చాలామంది ఆ రోజు వాటిని బ్యాగులో దాచేసి వస్తారు, అడిగి పెట్టించాలి.

ఇక చేత్తో పట్టుకునే కంప్యూటర్ యంత్రం. కంట్లోకి ఒక్క చూపు చూసి పవర్ నంబరు చెప్పేస్తుంది, టీచర్లకి బాగా నచ్చుతుంది. పిల్లల కంటి లోపలి కండరం బిగిసి ఉన్నప్పుడు ఆ యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ మైనస్ చూపిస్తుంది. అందుకే డాక్టరు చుక్కల మందు వేసి, ఆ కండరాన్ని సడలించాకే పవర్ తేలుస్తారు. యంత్రం నంబరు ‘ఈ పిల్లాడిని పంపాలి’ అనడానికి పనికొస్తుంది. దాన్నే పట్టుకుని అదే సాయంత్రం అద్దాల ఆర్డరు రాసుకునే ప్యాకేజీ అయితే, ఆ ఒక్క కారణానికే వద్దనేయొచ్చు.

బీపీ టేబుల్ దగ్గర 72 సెకన్ల లెక్క పూర్తిగా బోర్లాపడుతుంది. పిల్లాడు మెట్లెక్కి, తోసుకుంటూ, నవ్వుకుంటూ వస్తాడు. నియమం ప్రకారం వీపు ఆనించి, పాదాలు నేలకి తాకేలా, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. తర్వాత కుడి చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం ఎడంతో కనీసం రెండుసార్లు చూడాలి. కుడి చెయ్యే ఎందుకంటే, పిల్లల పట్టికలన్నీ ఆ చేతి కొలతలతోనే తయారయ్యాయి.

ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదంటారు నిర్వాహకులు. అవుతుంది. విశ్రాంతి వరసగా కాకుండా ఒకేసారి జరిగేలా చూసుకోవాలి, అంతే. 72 సెకన్లకొకరు చొప్పున వస్తుంటే, 5 నిమిషాలు కూర్చోబెట్టడానికి 5 కుర్చీలు సరిపోతాయి. రెండు కొలతలకి, పట్టీ కట్టి విప్పడానికి కలిపి మనిషికి సుమారు 3 నిమిషాలు, కాబట్టి యంత్రాలు 3. అంటే 5 కుర్చీలు, 3 యంత్రాలు, ఆ గదిలో మాటలు బంద్. ప్యాకేజీవాళ్లు ఒక్క యంత్రంతో దిగితే, వాళ్లు ఏం కోయబోతున్నారో అడగక్కర్లేదు.

చేతికి చుట్టే పట్టీ ఇంకో తలనొప్పి. ఈ వయసులో ఒకే తరగతిలో ఒకడి చెయ్యి 18 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉంటే, పక్కవాడిది 30 ఉంటుంది. భుజం కొనకీ మోచేతి కొనకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి కొలవాలి. మామూలుగా 16–21కి పిల్లల పట్టీ, 22–26కి చిన్న సైజు పెద్దల పట్టీ, 27–34కి పెద్దల పట్టీ. పట్టీ లోపలి గాలితిత్తి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి, పొడవు 80 నుంచి 100 శాతం. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది, సన్న చేతికి పెద్దది కడితే ఉన్నది కనపడదు. ఒకే పట్టీతో వచ్చే బృందం చేతిలో బొద్దుగా ఉన్న పిల్లలందరికీ బీపీ ‘వచ్చేస్తుంది’.

కొలత సరిగ్గా వచ్చినా రిపోర్టు దాన్ని పాడుచేయగలదు. అందరికీ 120/80 అని ఒకే గీత అచ్చు వేస్తారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017 మార్గదర్శకాల్లో 13 ఏళ్లు నిండినవాళ్లకే పెద్దవాళ్ల గీతలు: 120 నుంచి జాగ్రత్త, 130/80 నుంచి ఎక్కువ. 13 లోపు వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవాటిని బట్టి పట్టిక చూడాలి. 11 ఏళ్ల పిల్లాడికి మళ్లీ చూడాల్సిన హద్దు 110/74 దగ్గరే మొదలవుతుంది. ఇంకోమాట, ఒక్కరోజు ఎక్కువొచ్చినంత మాత్రాన అది బీపీ జబ్బు కాదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ ఉంటేనే ఆ పేరు పెట్టేది.

ఎత్తు, బరువు తేలికనుకుంటారు కాబట్టి అనుభవం లేనివాళ్లని ఆ టేబుల్ దగ్గర కూర్చోబెడతారు. 150 సెంటీమీటర్లు, 50 కిలోలున్న పిల్లాడి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 22.2. బూట్లతో కొలిచి 153 అని రాస్తే 21.4 అవుతుంది. జుట్టు ముడిపైన పలక ఆనించినా అదే తేడా. బరువు యంత్రాన్ని తివాచీ మీద పెట్టకూడదు, గట్టి నేల కావాలి.

కొలతకన్నా పెద్ద తప్పు బీఎంఐ గీతల్లో ఉంది. రిపోర్టులో 18.5 లోపు తక్కువ బరువు, 25 దాటితే ఎక్కువ అని ఉంటే అవి పెద్దవాళ్ల గీతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 12 ఏళ్ల మగపిల్లల మధ్య విలువే 17.5. అంటే ఆ రిపోర్టు ప్రకారం సగానికి పైగా మగపిల్లలు బక్కచిక్కినవాళ్లే! అదే పట్టికలో 12 ఏళ్లకి 19.9 దాటితే అధిక బరువు, 23.6 దాటితే ఊబకాయం. 24 ఉన్న పిల్లాడికి ఈ ప్యాకేజీ ‘నార్మల్’ అని పచ్చరంగు పూస్తుంది. నమూనా రిపోర్టు అడిగి ఈ ఒక్క పేజీ చూస్తే చాలు, తయారుచేసినవాళ్లకి పిల్లల గురించి తెలుసో లేదో తేలిపోతుంది. ఇక బరువుని గట్టిగా అరిచి చెప్పి పక్కవాళ్లతో రాయించడం ఈ వయసు పిల్లల విషయంలో చిన్న తప్పేం కాదు. ఆ అంకె మధ్యాహ్నానికల్లా మారుపేరైపోతుంది. ఒకరే చూసి, ఒకరే రాసుకోవాలి, అదీ తెర వెనక.

రక్తహీనత పరీక్ష ఉండదగ్గదే, ముఖ్యంగా నెలసరి మొదలైన ఆడపిల్లలకి. వేలు గుచ్చాక మొదటి చుక్క తుడిచేయాలి. చుక్క రావడంలేదని వేలు పిండితే కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా వస్తుంది. చల్లబడ్డ చేతుల్ని ముందు వెచ్చబరిస్తే ఆ బాధ ఉండదు. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంకె తప్పుతుంది. 12–14 ఏళ్లకి హద్దు డెసిలీటరుకు 12 గ్రాములు, 5 నుంచి 11 ఏళ్లవాళ్లకి 11.5. తక్కువ వచ్చిందంటే రక్తం తక్కువని మాత్రమే. కారణం ఇనుము లోపమో కాదో ఈ యంత్రం చెప్పదు.

వినికిడి పరీక్షని హాల్లో పెడితే డబ్బు దండగ. 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ శబ్దం వినిపించాలి, కుర్చీలు ఈడ్చే చోట అది ఎవరికీ వినపడదు. పిల్లలంతా తప్పుతుంటే టెక్నీషియన్ మెల్లగా సౌండ్ పెంచుతాడు, ఆపైన అందరూ పాసే. మూల గది దొరికితే సరే, లేకపోతే కొట్టేయించండి. వెన్నెముక వంపు పరీక్ష అందరికీ చేయాలా వద్దా అన్నదానిపై నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పళ్లు చూస్తే మంచిదే. రక్తం గ్రూపు, ‘శరీర వయసు’, వేలిముద్రలతో తెలివితేటలు లాంటివి అంకె పెంచడానికి చేర్చినవి.

మనసుకి సంబంధించిన ప్రశ్నపత్రం ఈ ప్యాకేజీల్లో కొత్తగా చేరింది. మంచి ఉద్దేశమే, కానీ అన్నిటికన్నా ప్రమాదకరంగా చేస్తున్నదీ ఇదే. మామూలుగా వాడేవి రెండు. ఎస్‌డీక్యూ (పిల్లల బలాలు, ఇబ్బందులు అడిగే పత్రం)లో 25 ప్రశ్నలు, 11 ఏళ్లు దాటినవాళ్లు సొంతంగా నింపొచ్చు. ఇబ్బందుల మొత్తంలోకి వచ్చేవి 20 మాత్రమే, గరిష్ఠం 40. మిగతా 5 మంచి నడతకి సంబంధించినవి, వాటిని కలపకూడదు. మంచి స్నేహితుడున్నాడా లాంటి 5 ప్రశ్నలకి మార్కులు తిరగేసి వేయాలి. ఇది మరిచిపోతే స్నేహితులున్న పిల్లాడే సమస్యల్లో ఉన్నట్టు తేలతాడు. రెండోది పీహెచ్‌క్యూ-9, దిగులు జబ్బుని పసిగట్టే పత్రం, టీనేజర్ల రూపం. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27కి. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నిపుణులు చూడాలి.

ఆ తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండు అనిపించడం, తనని తాను గాయపరచుకోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాక ఏది పెట్టినా, మొత్తం 3 వచ్చినా సరే, పిల్లాడు ఇంటికి వెళ్లేలోపు శిక్షణ ఉన్న మనిషి వాడితో విడిగా కూర్చుని మాట్లాడాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. అడిగి పట్టించుకోకపోవడంలోనే ప్రమాదం ఉంది. ప్యాకేజీవాళ్లు కాగితాలు పెట్టెలో వేసుకుపోయి పది రోజులకి స్కాన్ చేస్తారు. పిల్లాడు రాసింది ఎవరూ చదవని ఆ పది రోజులకి బాధ్యత ఎవరిది? కౌన్సెలర్ ఆ రోజు స్కూల్లో లేకపోతే ఆ కాగితం అసలు పంచొద్దు. ఈ విషయంలో బేరం లేదు.

కౌన్సెలర్ ఉన్నా కూడా, బెంచీకి ముగ్గురిని కూర్చోబెట్టి నింపిస్తే నిజం రాదు. పరీక్ష రాసినంత ఎడం కావాలి, కాగితాలు క్లాస్ టీచర్ కాకుండా కౌన్సెలరే తీసుకోవాలి. ముందుగా ఈపాటి మాటలు చెప్పాలి: “నువ్వు రాసింది నేను మాత్రమే చదువుతాను. నీకు గానీ ఇంకెవరికైనా గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నిన్ను చూసుకోగలిగే పెద్దవాళ్లకి చెప్పాలి. చెప్పేముందు నీతో చెప్తాను.” అంతా రహస్యమే అని మాటిచ్చి తర్వాత తప్పితే, ఆ తరగతి మళ్లీ ఎప్పుడూ నిజం రాయదు. పొగ, వేప్ (ఈ-సిగరెట్) గురించి తల్లిదండ్రుల ముందు అడగడం కూడా ఈ కోవలోదే.

నిద్ర గురించి ‘బాగా నిద్రపోతావా? అవును/కాదు’ అని ఉంటుంది. దానివల్ల ఏమీ తెలియదు. స్కూలున్న రోజు, సెలవు రోజు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తావని నాలుగు గడులు పెడితే చాలు. 12 ఏళ్ల దాకా 9–12 గంటలు, 13 దాటాక 8–10 గంటలు కావాలి. సెలవు రోజు రెండు గంటలకి మించి ఎక్కువ నిద్రపోతున్నారంటే వారమంతా అప్పు పడుతున్నట్టే. యుక్తవయసులో శరీర గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, అది బద్ధకం కాదు.

రిపోర్టు 14 పేజీలు నిగనిగలాడుతూ ఉన్నా, కావలసింది ఒక్క చీటీ: ఏం తేలింది, ఎవరికి చూపించాలి, ఎన్ని రోజుల్లోపు. చీటీ పిల్లాడి చేతికిస్తే బ్యాగు అడుగున నలుగుతుంది, తల్లిదండ్రులకే నేరుగా అందాలి. పంపినవాళ్ల జాబితా స్కూల్లో ఒకరి దగ్గర ఉండి, నాలుగో వారంలో ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో ఫోన్ చేసి రాసుకోవాలి. బీపీ ఎక్కువొచ్చినవాళ్లని చూడటానికి బృందం ఇంకో రెండు వేర్వేరు రోజుల్లో రావాలి, ఆ తేదీలు ఒప్పందంలోనే రాయించుకోవాలి. అద్దాలు తెచ్చుకున్న పిల్లల్ని అద్దాలతోనే మళ్లీ చార్ట్ ముందు నిలబెట్టాలి, ఈసారి టేపు పెట్టి కొలిచిన దూరంలో.