పడవలో ఐస్ పెట్టె: ఆరేళ్ళ వాడకం తరవాత

కొన్న రోజున పెట్టె మూత మీద ఒక కాగితం అంటించి ఉంది. ఐస్ అయిదు రోజులు నిలుస్తుందని అందులో రాసి ఉంది. మొదటి ప్రయాణంలో మూడో రోజు పొద్దున మూత తీస్తే నీళ్ళలో గుప్పెడు ముక్కలు తేలుతున్నాయి. మోసపోయానని తయారీదారును తిట్టుకున్నాను. ఆ తిట్లలో సగం నాకే చెందాలని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

నాది ఫ్రిజ్ లేని చిన్న పడవ. ఒకసారి బయలుదేరితే మూడు నాలుగు రోజులు నీటి మీదే ఉంటాను. పెట్టె సామర్థ్యం 50 లీటర్లు. గోడల్లో అయిదు సెంటీమీటర్ల మందాన ఫోమ్, మూత అంచు చుట్టూ రబ్బరు పట్టీ, అడుగున నీళ్ళు పోవడానికి బిరడా ఉన్నాయి. ఖాళీ పెట్టె బరువే 11 కిలోలు. దీనికి ముందు మూడు సెంటీమీటర్ల గోడల పెట్టె వాడాను. దాని మూత లోపల గాలి తప్ప మరేమీ లేదని అది పగిలిన రోజునే తెలిసింది.

రెండో ఏడాది ఒక వేసవంతా కరిగిన నీటిని రోజూ చెంబుతో కొలిచి, రాసుకుని, మళ్ళీ పెట్టెలోనే పోశాను. తోడు వచ్చినవాళ్ళు నవ్వారు. నవ్వనీ. ఎండాకాలపు ఎండలో పాత పెట్టె రోజుకు ఏడు కిలోల ఐస్ తినేది, కొత్తది నాలుగు కిలోలు తింటోంది. గోడల మందానికి, బయటి వేడికి లెక్క వేసినా దాదాపు అంతే వస్తుంది. నేను వేసేది 15 కిలోలు కాబట్టి నాలుగు రోజులకు కాస్త తక్కువగా నిలవాలి. నిలవడం లేదు. అంటే మిగిలిన ఐస్‌ను ఇంకేదో కాజేస్తోంది.

అందరూ చెప్పేది మూత మాటిమాటికీ తీయవద్దని. నేనూ అదే నమ్మి, నీళ్ళ సీసా కోసం ఎవరు చెయ్యి చాపినా కసిరేవాణ్ణి. తరవాత కూర్చుని లెక్క వేస్తే నవ్వొచ్చింది. పెట్టెలో ఏకంగా 40 లీటర్లు ఖాళీ ఉందనుకున్నా, ఆ గాలి బరువు 50 గ్రాములే. మూత తీసినప్పుడు ఆ చల్లగాలి మొత్తం పోయి వేడిగాలి వచ్చినా, అందులోని తేమను కలుపుకున్నా, కరిగే ఐస్ పది పదిహేను గ్రాములు మించదు. మూత తెరిచి పెట్టి కబుర్లు చెబితే వేరే సంగతి కానీ, తీసి వెంటనే వేస్తే కొంపలేమీ మునగవు. ఇన్నాళ్ళూ కసిరించుకున్నవాళ్ళకు ఆలస్యంగానైనా క్షమాపణలు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఐస్‌ను తినేది నేను చేతులారా లోపల పేర్చిన సామానే. ఒక గ్రాము ఐస్ కరగడానికి 80 కెలోరీలు కావాలి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఒక కెలోరీ వదులుతుంది. అంటే 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని సున్నాకు దించడానికి 375 గ్రాముల ఐస్ ఖర్చవుతుంది. నేను అరలీటరు సీసాలు 24 అలాగే వెచ్చగా సర్దేవాణ్ణి. వాటికే నాలుగున్నర కిలోలు పోయింది. ఎండలో నిలబెట్టిన పెట్టె తన గోడలను తాను చల్లబరచుకోవడానికి ఇంకో కిలో మింగేది. పడవ తాడు విప్పేలోపే మూడో వంతు ఐస్ ఖర్చు.

ఇప్పుడు బయలుదేరే ముందురోజు రాత్రి పెట్టెను నీడకు చేర్చి, నాసిరకం ఐస్ రెండు మూడు కిలోలు వేసి మూసేస్తాను. పొద్దున దాన్ని పారబోసి అసలు ఐస్ పేరుస్తాను. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువూ రాత్రంతా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండి రావలసిందే. మంచినీళ్ళ సీసాల్లో సగం గడ్డకట్టించి తెస్తాను. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి మెడ దాకా నింపకూడదు. మొదటిసారి నింపి రెండు సీసాలు పగలగొట్టుకున్నాను. ఈ పద్ధతికి మారాక అదే పెట్టె, అదే 15 కిలోలు నాలుగో రోజు మధ్యాహ్నం దాకా వస్తున్నాయి.

ఐస్ ఎక్కడి నుంచి తెచ్చినా ఒకసారి వేలితో తాకి చూస్తాను. పొడిగా ఉండి వేలికి అతుక్కుంటే సున్నాకు బాగా దిగువన ఉన్నట్టు. ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర ఉన్న ఐస్, కరగడం మొదలుపెట్టే ముందే అదనంగా పదోవంతు పని చేసి పెడుతుంది. తడితడిగా మెరిసేది అప్పటికే కరుగుతున్న సరుకు.

ముక్కల కంటే దిమ్మ మేలు. పది కిలోల దిమ్మను మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కొడితే గాలికి, నీటికి తగిలే మేర ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది. అయితే దిమ్మ ఒక్కటే ఉంటే సీసాలు త్వరగా చల్లబడవు. అడుగున దిమ్మ, సందుల్లో కొద్దిగా ముక్కలు, పైన చాప ముక్కలా కత్తిరించిన ఫోమ్ వేస్తాను. ఐస్ తగ్గేకొద్దీ ఆ ఫోమ్‌ను కిందికి దించుతాను.

కరిగిన నీటిని తీసెయ్యాలా, ఉంచాలా అన్న వాదన తెగేది కాదు. సీసాల పెట్టెలో నేను ఉంచుతాను. అది సున్నా డిగ్రీల నీరు, సీసాను గాలికంటే బాగా హత్తుకుని ఉంటుంది. చేపలైతే మాట వేరు. మంచినీటిలో నానితే కండ మెత్తబడి రంగు పోతుంది. వాటికి నలగ్గొట్టిన ఐస్ వేసి, బిరడా తీసి, నీరు ఎప్పటికప్పుడు పోయేలా ఉంచాలి. పైగా అప్పుడే పట్టిన చేప వెచ్చటి సరుకు, దాన్ని తిండి పెట్టెలో వేస్తే మళ్ళీ పాత కథే. అందుకే చేపలకు పాత బోలు మూత పెట్టెను కేటాయించాను.

ఉప్పుతో చేసిన ప్రయోగం మాత్రం అవమానమే. చిక్కటి ఉప్పునీరు గడ్డకట్టిస్తే మామూలు ఐస్‌కంటే చల్లగా ఉంటుందని విని, ఉప్పు దండిగా కలిపిన నీళ్ళతో సీసాలు నింపి ఫ్రీజర్‌లో పెట్టాను. రెండు రోజులైనా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అంత చిక్కటి ఉప్పునీరు గడ్డకట్టాలంటే మైనస్ 21 కావాలి, ఇంటి ఫ్రీజర్ అంత దూరం వెళ్ళదు. ఐస్ మీద ఉప్పు చల్లడం ఇంకా తప్పు. చల్లదనం పెరిగిన మాట నిజమే కానీ, ఐస్ గబగబా కరిగిపోతుంది. డ్రై ఐస్ నేను పడవ ఎక్కించను. మైనస్ 78 డిగ్రీల ఆ గడ్డ ఆవిరైతే వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, నేను పడుకునే కింది గదిలోకే దిగుతుంది. రబ్బరు పట్టీ బిగించిన పెట్టెలో దాన్ని మూసిపెట్టడం కూడా ప్రమాదమే.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది సులభమే. ఇంజను మూత పక్కన వద్దు, కాలే డెక్కు మీద నేరుగా వద్దు. కింద రెండు చెక్క పట్టీలు, పైన తెల్ల గుడ్డ చాలు. గుడ్డను తడిపితే గాలి ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, ఉక్కపోతలో ఫలితం తక్కువ. అన్నిటికంటే పనికొచ్చిన ఉపాయం దాన్ని కూర్చునే పీటగా వాడడం. మీద మనిషి కూర్చుని ఉంటే మూత తెరిచి పెట్టి కబుర్లు చెప్పే వీలుండదు.

ఇక పెట్టె ఎలా నిలిచిందంటే, గోడలకు ఏమీ కాలేదు. మూడో ఏడు మూత బిగించే రబ్బరు గొళ్ళాల్లో ఒకటి ఎండకు చిట్లింది, విడిగా దొరకడానికి నెల పట్టింది. నాలుగో ఏడు అంచు పట్టీ ఒక మూల కుదించుకుపోయింది. మూత కింద కాగితం ముక్క పెట్టి లాగితే అడ్డు లేకుండా వచ్చేసింది, తక్కిన చోట్ల బిగిసి ఉంది. అలా పట్టుకుని కొత్త పట్టీ వేశాను. పట్టీ గాడిలో బూజు చేరుతుంది కాబట్టి వాడాక మూత కొంచెం తెరిచి ఆరబెట్టాలి. బిరడా మొదటి నుంచీ చుక్కచుక్కగా కారుతోంది, ఇప్పటికీ అంతే. నింపాక 40 కిలోలు దాటుతుంది, ఒక్కరు ఎత్తలేరు. తాడు పిడులు అరచేతిని కోస్తాయి.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే మందం కొంటాను కానీ, 50 లీటర్లది ఒకటి కాకుండా 30 లీటర్లవి రెండు. కొనేముందు మూతను వేళ్ళతో తట్టి చూస్తాను. డప్పులా మోగితే అక్కడే వదిలేసి వస్తాను.