నీరసించిన మేకపిల్లకు పాల సీసానా, గొట్టమా: ఏది మేలు?

ఈనిన గంట దాటినా లేవలేక, తల వాల్చేసి, పొదుగు వైపు తిరిగైనా చూడని మేకపిల్ల కంటపడితే ఎవరి చేయైనా ముందు పాల సీసా మీదికే పోతుంది. ఆ సీసా కొన్ని పిల్లలను బతికిస్తుంది, కొన్నింటి ఊపిరితిత్తుల్లోకి పాలు చేర్చి చంపుతుంది. మరోవైపు, గొట్టం వేసి నేరుగా పొట్టలోకి పాలు పోయడమంటే పశువైద్యులకే తెలిసిన విద్య అని చాలామంది దాని జోలికే పోరు. ఈ రెండింటిలో ఏది మేలన్నది పెంపకందారుని అలవాటును బట్టి గానీ ధైర్యాన్ని బట్టి గానీ తేల్చవలసిన విషయం కాదు. పిల్ల ఒంట్లో ఎంత వేడి ఉంది, నోట్లో ఎంత పట్టు ఉంది అన్న రెండు సంగతులే దానిని తేలుస్తాయి.

ఇంత తొందర ఎందుకో ముందు చెప్పుకోవాలి. కడుపులో ఉండగా తల్లి నుంచి పిల్లకు మాయ గుండా ఆహారం అందుతుంది గానీ రోగాలను ఎదిరించే యాంటీబాడీలు అందవు. అవి జున్నుపాల ద్వారానే రావాలి. పుట్టిన కొత్తలో పిల్ల పేగులు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పీల్చుకోగలవు. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గుతూ, 12 గంటలు దాటాక బాగా క్షీణించి, 24 గంటలకు దాదాపు పూర్తిగా పోతుంది. అందుకే మొదటి రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున, అంటే రెండు కిలోల పిల్లకు 100 మిల్లీలీటర్ల జున్నుపాలు కడుపులో పడేలా చూడాలి. మొదటి రోజు మొత్తం మీద కిలోకు 200 మిల్లీలీటర్ల దాకా, కొద్దికొద్దిగా పలుమార్లు పట్టవలసి ఉంటుంది. సీసా అయినా గొట్టమైనా ఆ మొదటి 100 మిల్లీలీటర్లను ఎంత త్వరగా, ఎంత క్షేమంగా చేర్చగలదన్నదే ఇక్కడ కొలబద్ద.

అయితే థర్మామీటర్ పెట్టి చూడనిదే ఈ పోలికకు అర్థం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒంటి వేడి సుమారు 38.5 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 37కు దిగిందంటే ప్రమాదంలో పడినట్టే, ఎందుకంటే అంత చల్లబడిన పిల్లకు చీకే శక్తి, మింగే శక్తి, అరిగించుకునే శక్తి మూడూ సన్నగిల్లుతాయి. పుట్టి ఐదు గంటలు కాని పిల్ల అయితే ముందు పొడిగుడ్డతో గట్టిగా తుడిచి ఆరబెట్టి, వెచ్చబరిచి, 37 దాటాక పాలు పట్టాలి. ఐదు గంటలు దాటిన పిల్ల సంగతి వేరు. పుట్టుకతో ఒంట్లో ఉండి వేడి పుట్టించే కొవ్వు అప్పటికి ఖర్చైపోయి రక్తంలో చక్కెర అడుగంటి ఉంటుంది కాబట్టి, ఆ స్థితిలో ఏమీ ఇవ్వకుండా వేడి మాత్రమే చేస్తే మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. అది తల నిలపగలిగితే ముందు గొట్టంతో కొంచెం జున్నుపాలు పోసి, ఆ తరువాత వెచ్చబరచాలి. తల కూడా నిలపలేని పిల్లకు నోటి ద్వారా చుక్క కూడా పోయకూడదు. దానికి ముందు గ్లూకోజు ఇంజెక్షన్ పడాలి, ఆ పని పశువైద్యుడు చేయవలసిందే.

వెచ్చబరచడానికి వేడి దీపం కన్నా, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలను పక్కన పేర్చిన పెట్టె మేలని నా అభిప్రాయం. లేచి పక్కకు జరగలేని పిల్ల దీపం కింద కాలిపోవచ్చు, పాకలోని గడ్డికి నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో ముంచితే ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది గానీ, తల్లి గుర్తుపట్టే వాసన కొట్టుకుపోతుంది. తప్పనిసరైతే మెడ వరకు ప్లాస్టిక్ సంచిలో ఉంచి ముంచడం నయం.

ఇక సీసా సంగతి. దాని అసలు బలం మేక శరీర నిర్మాణంలోనే ఉంది. పిల్ల తనంతట తాను చీకినప్పుడు ఆహారనాళం చివర ఉన్న గాడి మూసుకుని గొట్టంలా మారుతుంది, దానితో పాలు, మేకకున్న నాలుగు పొట్టల్లో మేత పులిసే పెద్దపొట్టలోకి పోకుండా, నేరుగా పాలను అరిగించే నాలుగో పొట్టకు చేరి సరిగా అరుగుతాయి. చీకే కొద్దీ లాలాజలం ఊరుతుంది, ఆకలి తెలుస్తుంది, చాలనిపించినప్పుడు పిల్లే నోరు తీసేస్తుంది. ఇన్ని మేళ్లూ పిల్ల చీకగలిగినప్పటివే. శుభ్రంగా కడిగిన వేలును నోట్లో పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది: నోరు వెచ్చగా ఉండి, నాలుక వేలిని చుట్టుకుని లాగుతుంటే సీసా పట్టవచ్చు. నోరు చల్లగా ఉండి, వేలిని అలాగే వదిలేస్తే సీసాను పక్కన పెట్టాలి. పట్టేటప్పుడు పిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి గానీ బోర్లా పడుకుని గానీ ఉండాలి, తల తల్లి పొదుగు కుడిచేటంత ఎత్తుకే లేవాలి. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టడం ముద్దుగానే ఉంటుంది గానీ పాలు శ్వాసనాళంలోకి జారడానికి అంతకన్నా సులువైన దారి లేదు. సీసా రబ్బరు పీక రంధ్రం పెద్దదైతే త్వరగా తాగుతుందనుకోవడమూ పొరపాటే, పాలు మింగగలిగినదానికన్నా వేగంగా వచ్చి పడతాయి.

గొట్టం పని తీరు వేరు. ఇందులో చీకడం లేదు కాబట్టి ఆ గాడి మూసుకోదు, పాలలో కొంత పెద్దపొట్టలో పడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లకు ఆ పొట్ట ఇంకా చిన్నదే కనుక అందులో పడినవి పొంగి నాలుగో పొట్టకు చేరుకుంటాయి, ఒకటి రెండు సార్లకు నష్టం లేదు. అదే పద్ధతిని రోజుల తరబడి సాగిస్తే పెద్దపొట్టలో పాలు పులిసి కడుపుబ్బరం వస్తుంది. కాబట్టి గొట్టం గండం గట్టెక్కించడానికి పనికొస్తుంది గానీ పిల్లను పెంచడానికి పనికిరాదు.

వేయడం నేర్చుకుంటే పది నిమిషాల పని. మెత్తని గొట్టాన్ని పిల్ల ముక్కు కొన నుంచి చివరి పక్కటెముక వరకు ఆనించి కొలిచి, అక్కడ గుర్తు పెట్టుకోవాలి. పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని, మెడను వెనక్కి విరవకుండా, గోరువెచ్చని నీటిలో తడిపిన గొట్టాన్ని నోటి పక్క నుంచి నాలుక మీదుగా నెమ్మదిగా జరుపుతుంటే పిల్ల గుటక వేస్తూ దానిని లోపలికి తీసుకుంటుంది. గుర్తు దాకా సాఫీగా దిగిందంటే సాధారణంగా పొట్టకే చేరినట్టు. ముందే అడ్డు తగిలితే తీసేసి మళ్లీ వేయాలి. పిల్ల దగ్గలేదు కాబట్టి సరైన చోటే ఉందనుకోవడం మాత్రం పెద్ద తప్పు, ఎందుకంటే బాగా నీరసించిన పిల్లకు దగ్గే శక్తి కూడా ఉండదు. మెడ మీద వేళ్లతో తడిమితే గట్టి ఉంగరాలున్న శ్వాసనాళం ఒకటి, దాని పక్కన గొట్టం మరొకటి విడివిడిగా తగలాలి. ఆ రెండూ తెలిసేదాకా పాలు పోయకూడదు. తరువాత సిరంజిని పిడి తీసేసి గొట్టానికి తగిలించి, ఒంటి వేడికి సమానంగా వెచ్చబెట్టిన జున్నుపాలను వాటంతట అవే దిగనివ్వాలి, పిడితో నెట్టకూడదు. గొట్టాన్ని మడిచి నొక్కిపట్టి ఒక్క లాగున తీయకపోతే చివర్లో మిగిలిన చుక్కలు గొంతులో పడతాయి.

ఈ రెండింటికీ నడుమ చాలామంది ఎంచుకునే మూడో దారి ఒకటి ఉంది: సిరంజితో నోట్లో చిమ్మడం. గొట్టమంటే భయం, సీసాను పిల్ల పట్టడం లేదు, అందుకని ఇది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. మూడింటిలోకీ చెడ్డది ఇదే. మింగలేని పిల్ల నోట్లో పోసిన పాలు పోయేది ఊపిరితిత్తుల్లోకే, దాని ఫలితం మర్నాడో ఆ మర్నాడో న్యుమోనియా రూపంలో బయటపడుతుంది. అప్పటికి పిల్ల నీరసంతో పోయిందనుకుంటారు తప్ప, పోసిన పాలను ఎవరూ అనుమానించరు.

నా లెక్కలో తీర్పు ఇలా ఉంటుంది. ఒళ్లు వెచ్చగా ఉండి వేలిని లాగే పిల్లకు సీసాయే మేలు. దానికన్నా తల్లి చన్నును నోటికి అందించి, ముందుగా ఒకటి రెండు ధారలు పిండి చన్ను రంధ్రంలోని అడ్డు తీసి పట్టించడం మేలు. ఒళ్లు వెచ్చబడ్డా చీకని పిల్లకు, కవలల్లో చిన్నదై తోటిదాని చేత నెట్టుకుపోబడే పిల్లకు, మొదటి మోతాదు గొట్టంతోనే పోయాలి. అరగంట సేపు సీసాతో బతిమాలి 20 మిల్లీలీటర్లు పట్టించడం కన్నా ఇది చాలా నయం. గొట్టానికి మరో సుగుణం ఉంది: రబ్బరు పీక రుచి తెలియని పిల్ల శక్తి రాగానే పొదుగునే వెతుక్కుంటుంది. సీసాకు మరిగిన పిల్ల తల్లిని వదిలి మనిషి వెంట పడుతుంది, అప్పుడు దానిని మళ్లీ తల్లికి అలవాటు చేయడం రెట్టింపు శ్రమ.

దేనితో పట్టినా పట్టేది జున్నుపాలే కావాలి. సొంత తల్లివి దొరకకపోతే అదే మందలో ఆ రోజు ఈనిన మరో మేకవి, అదీ లేకుంటే ముందే పిండి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచినవి వాడవచ్చు. దాచినవాటిని 50 డిగ్రీలకు లోపు వేడి ఉన్న నీళ్లలో గిన్నె పెట్టి కరిగించాలి. పొయ్యి మీద మరిగించినా మైక్రోవేవ్‌లో పెట్టినా యాంటీబాడీలు చెడిపోతాయి. వేరే మందలోని మేకవి తెచ్చుకోవడం మాత్రం ఆలోచించి చేయవలసిన పని, ఎందుకంటే మేకల్లో కీళ్లవాపును తెచ్చే సీఏఈ అనే వైరస్ ముఖ్యంగా జున్నుపాలు, పాల ద్వారా పిల్లలకు అంటుకుంటుంది.

గొట్టంతో మొదటి మోతాదు పోసిన రెండు మూడు గంటలకు మళ్లీ వేలు పెట్టి చూడాలి. లాగుతోందంటే ఆ పూటకు గొట్టాన్ని కడిగి ఆరబెట్టి, పిల్లను తల్లి ముందు వదలాలి. అప్పటికీ లాగకపోతే ఇంకో మోతాదు పోయవచ్చు. మూడోసారికీ నోటిలో పట్టు రాలేదంటే లోపం పాలు పట్టే పద్ధతిలో లేదు, వేరే రోగమేదో ఉన్నట్టే కాబట్టి పశువైద్యునికి చూపించాలి.