తిరుపతి మిద్దెలపై సూర్యఘర్: రెండు కిలోవాట్లా, మూడా?

పీఎం సూర్యఘర్ పథకం కింద మిద్దె మీద సోలార్ పెట్టించుకునే సేవకు అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఆ ఒక్క మార్కు తగ్గింది అమ్మే తీరు వల్ల. కొటేషన్ అడిగితే చాలాచోట్ల ముందు చేతికొచ్చేది మూడు కిలోవాట్లదే, 78,000 సబ్సిడీ అని పెద్ద అక్షరాలతో. నెలకు 400 యూనిట్లు కాలే ఇంటికి లాభంలో పెద్ద వాటా మొదటి రెండు కిలోవాట్లలోనే వస్తుంది. లెక్క వేస్తే తెలిసిపోతుంది.

మన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. సోలార్ తగ్గించేది పైనుంచి, అంటే ముందుగా పోయేవి అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లు. 400 యూనిట్లకు కరెంటు ఛార్జీ సుమారు 2,548 రూపాయలు (ఇతర ఛార్జీలు వేరే). కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు అనుకుంటే రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తాయి. మిగిలిన 160 యూనిట్లకు కట్టేది 627. ఆదా 1,921. మూడో కిలోవాట్ కూడా పెడితే 40 యూనిట్లే మిగిలి బిల్లు 87కు దిగుతుంది, కానీ ఆ మూడోది తెచ్చిన అదనపు ఆదా 540 మాత్రమే.

సబ్సిడీ కూడా అదే మాట చెబుతోంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, అక్కడితో ఆగిపోతుంది. కేంద్రం లెక్కగట్టిన ప్రామాణిక ధర మొదటి రెండింటికి 50,000 చొప్పున, మూడోదానికి 45,000. ఆ ధరల్లో రెండు కిలోవాట్లకు చేతి నుంచి పడేది 40,000, అది 21 నెలల్లో తిరిగొస్తుంది. మూడోదానికి పెట్టే 27,000 తిరిగి రావడానికి 50 నెలలు. బయట కొటేషన్లు దీనికన్నా ఎక్కువే ఉంటాయి, ఆ మేరకు నెలలు పెంచుకోండి. ఏసీ కొనబోతున్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ రాబోతున్నా మూడు పెట్టించుకోవడం సబబే. మిగిలితే గ్రిడ్‌కు అమ్ముకుందాంలే అనుకుని మాత్రం పెట్టొద్దు. మిగులు యూనిట్లకు ఇచ్చే ధర 8.75 దరిదాపుల్లో ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వరకు ఉచితం, బీసీలకు కేంద్ర సబ్సిడీ మీద మరో 20,000 వరకు రాష్ట్ర సాయం ఉన్నాయి. కొటేషన్‌కు ముందే అవి అడగాలి.

75,021 కోట్లతో కోటి ఇళ్లకని 2024లో మొదలైన ఈ పథకంలో దరఖాస్తు నుంచి సబ్సిడీ దాకా అంతా పోర్టల్‌లోనే. మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఏపీఎస్పీడీసీఎల్‌ను ఎంచుకుని బిల్లు మీది సర్వీస్ నంబరు కొట్టాలి. పది కిలోవాట్ల లోపు దరఖాస్తు అన్ని వివరాలతో ఉంటే సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క, 2024 నిబంధన అది. పని ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్న ఇళ్లు పాత తిరుపతిలో ఎన్నో. ముందు బిల్లులో పేరు మార్పించుకుని, బ్యాంకు ఖాతాలో, ఆధార్‌లో అదే పేరుందని చూసుకుని దరఖాస్తు చేయండి. సబ్సిడీ పడేది వినియోగదారు ఖాతాలోనే. మీ ఫోన్‌కొచ్చే ఓటీపీ మీ దగ్గరే ఉండాలి, ఏజెంటుకు అప్పగించే పని కాదు.

ఇక మిద్దె మీద పని. 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు పెడితే 2.16 కిలోవాట్లు. ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ రెండు కిలోవాట్లకు తగ్గకూడదు, ఎందుకంటే సబ్సిడీకి ప్యానెళ్లు, ఇన్వర్టర్‌లలో ఏది తక్కువైతే అదే లెక్క. నడిచే దారితో కలిపి దాదాపు 200 చదరపు అడుగుల ఎండ పడే చోటు కావాలి. శేషాచలం ఉత్తరాన ఉంది కాబట్టి కొండ నీడ బెడద లేదు. దక్షిణం వైపు లేచిన అపార్ట్‌మెంట్, మెట్ల గది, నీళ్ల ట్యాంకు చూసుకోవాలి. డిసెంబరు నీడ పొడవు, ఏప్రిల్‌లో కొలిచి పెడితే తప్పు పడుతుంది. వాలు దక్షిణానికి 13 నుంచి 15 డిగ్రీలు సరిపోతుంది.

మే ఎండల్లో ఉత్పత్తి బాగా పెరుగుతుందని చాలామంది ఆశపడతారు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ప్యానెల్ లోపలి సోలార్ సెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోతుంది. అందుకే ప్యానెళ్లను సిమెంటుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో కట్టించాలి. అదే సమయంలో అక్టోబరు, నవంబరు తుపాను గాలులకు నిలిచేలా కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు పోయించాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు కోతులు వేలాడే వైర్లను పీకేస్తాయి, కాబట్టి డీసీ కేబుల్ అంతా కండ్యూట్ పైపులో పోవాలి. ఎర్తింగు గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరుగా. ఖర్చు తగ్గించుకునే వాళ్లు మొదట ఎగరగొట్టేది ఈ గుంతలనే, తవ్వేటప్పుడు దగ్గర నిలబడి చూడండి.

మధ్యాహ్నం ఇన్వర్టర్ పదే పదే ఆగిపోతుంటే ముందు మిద్దె నుంచి మీటరుకు దిగే వైరు చూడండి. పాతిక మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, 13 ఆంపియర్ల దగ్గర ఇన్వర్టర్ వైపు వోల్టేజీ దాదాపు 5 వోల్టులు పెరుగుతుంది. 6 చదరపు మిల్లీమీటర్లదైతే రెండే. లైన్లో వోల్టేజీ అప్పటికే ఎక్కువగా ఉంటే ఆ మూడు వోల్టుల తేడాకే హద్దు దాటి ఇన్వర్టర్ ఆగుతుంది.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది, లోపం కాదు. కోతల్లోనూ ఫ్యాన్ తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి, ఆ ఖర్చు వేరు.

సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే చెల్లుతాయి. బిగించకముందే వెనకవైపు సీరియల్ నంబర్లు ఫొటో తీసుకుని పోర్టల్‌లో ఎక్కించినవాటితో సరిచూడాలి. అయిదేళ్ల నిర్వహణ బిగించిన వాళ్ల బాధ్యతే, ఒప్పందంలో రాయించుకోండి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరకలు పేరుకుంటాయి, మున్సిపల్ నీళ్లతో తెల్లవారుజామునే కడగాలి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు.

మొదటి బిల్లు రాగానే ఇన్వర్టర్ యాప్ చూపే యూనిట్లకూ బిల్లులోని ఎగుమతికీ పొంతన లేదని ఫిర్యాదులు మొదలవుతాయి. యాప్ చూపేది మొత్తం ఉత్పత్తి. పగలు ఇంట్లో వాడింది పోగా మిగిలిందే మీటరు దాటి బయటికెళ్తుంది. తీసుకున్న, ఇచ్చిన యూనిట్లు రెండూ కొలిచే నెట్ మీటర్లలో చాలావాటిలో 1.8.0 కోడ్ దగ్గర కనిపించేది గ్రిడ్ నుంచి తీసుకున్నది, 2.8.0 దగ్గరది ఇచ్చింది. రీడింగ్ తీసే రోజున రెండూ రాసిపెట్టుకోండి.