లంక దారికి లాకింగ్ డిఫరెన్షియలా, బ్రేక్ ట్రాక్షన్ కంట్రోలా?

ధవళేశ్వరం దిగువన లంకల్లో వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రు ఫోర్ వీల్ డ్రైవ్ బండినైనా ఆపగలదు. ఇంజిన్ బలాన్ని ఇరుసులోని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరికే డిఫరెన్షియల్. సాధారణ డిఫరెన్షియల్ ఆ రెండింటికీ సమానమైన టార్కునే (తిప్పే బలాన్నే) ఇస్తుంది కాబట్టి, బురదలో ఒకటి ఊరికే తిరిగితే గట్టి నేలపై ఉన్న రెండోదానికీ బలం అందదు.

లాకర్, అంటే లాకింగ్ డిఫరెన్షియల్, రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ జారే చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం మళ్లిస్తుంది. అంటే మొదట చక్రం జారాలి, ఆ తరువాతే సాయం అందుతుంది.

ఖర్చు: ట్రాక్షన్ కంట్రోల్ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) భాగాలతోనే పనిచేస్తుంది కనుక చవక. లాకర్‌కు ప్రత్యేక యంత్రభాగాలు కావాలి.

ప్రమాదం: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. పక్కకు వాలిన తడి కాలువ గట్టు మీద లాక్ చేసిన ఇరుసు చక్రాలు రెండూ ఒకేసారి పట్టు కోల్పోతే, బండి వెనుక భాగం కాలువ వైపు జారవచ్చు. లాక్ తీసి ఉంటే, ఒక చక్రం తిరుగుతున్నా రెండోది ఆ జారుడును కొంత నిలువరిస్తుంది. లోతైన ఇసుకలో మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ వల్ల మాటిమాటికీ పడే బ్రేకులు వేడెక్కి, బండి ఊపును తగ్గిస్తాయి.

గట్ల మీద రోజువారీ ప్రయాణానికి ట్రాక్షన్ కంట్రోల్ చాలు. ఏటి ఇసుకలో, ఒండ్రులో బరువుతో నడిపేవారికి లాకర్ తగినది. బంకమట్టి పూడుకుపోయిన టైర్లకు రెండూ సాయపడవు. మొదటి ఖర్చు మంచి టైర్లకే కేటాయించాలి.