మూడేళ్లుగా రెండే ఏజెన్సీలతో: "అంతమంది నిలవరు సార్" అన్న ఆ ఫోను

మా వేర్‌హౌస్‌కు మనుషులను పంపే ఏజెన్సీలు ఒకప్పుడు ఏడు. అవసరం పడితే అందరికీ ఒకేసారి మెయిల్ పెట్టేవాళ్లం, ముందు ఎవరు పంపితే ఆర్డరు వాళ్లది. మూడేళ్ల కిందట రెండిటినే ఉంచుకుని దీర్ఘకాల ఒప్పందం చేసుకున్నాం. రేట్లు, రీప్లేస్‌మెంట్ (మానేసినవాళ్ల బదులు వేరేవాళ్లను పంపడం) షరతులు అందరి ఒప్పందాల్లోనూ ఉండేవే, వాటి జోలికి పోను. నాకు బాగా నచ్చింది ఒక్కటే: వాళ్లు మాతో "కుదరదు" అని చెప్పడం మొదలుపెట్టారు.

రెండో ఏడాది సీజన్‌కు ముందు నైట్ షిఫ్టుకు 40 మందిని అడిగాను. పాత రోజుల్లో అయితే "సరే సార్" అని 40 మందినీ దింపేవాళ్లు, వారం తిరిగేసరికి సగంమంది కనిపించేవారు కాదు. ఈసారి ఏజెన్సీ కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. "40 మందిని పంపగలను, కానీ అంతమంది నిలవరు సార్. మీ షిఫ్టు రాత్రి 2 గంటలకు అయిపోతోంది, ఆ వేళ ఇంటికెళ్లడానికి బండి దొరకదు. పోయినసారి మానేసినవాళ్లను అడిగి తెలుసుకున్నా" అంది. మానేసినవాళ్లను కారణం అడగాలని మాకెప్పుడూ తట్టలేదు! షిఫ్టు ఉదయం 6 గంటలకు ముగిసేలా జరిపాం. 32 మందితోనే సీజన్ గట్టెక్కింది. రోజూ కొత్తవాళ్లకు పని నేర్పే బాధ తప్పింది.

ఆ చనువు ఊరికే రాలేదు. ఏజెన్సీ నెలనెలా జీతాలు ఇచ్చేయాలి, మేమేమో బిల్లు 75 రోజులకు కట్టేవాళ్లం. మా బిల్లు అందేదాకా ఆ డబ్బంతా వాళ్లే సర్దుకోవాలి. అలాంటి చోటికి మంచి పనివాళ్లను ఎందుకు పంపుతారు? గడువు 30 రోజులకు తగ్గించాం. అందుకు మా అకౌంట్స్ వాళ్లను ఒప్పించడానికే నాలుగు నెలలు పట్టింది.

మొదట్లో "ఇక టెన్షన్ లేదు" అని అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. పోయిన ఏడాది ఆ కోఆర్డినేటర్ ఉద్యోగం మారింది. ఆమెకు తెలిసినవేవీ ఎక్కడా రాసి లేవు, కొత్తగా వచ్చినాయన మళ్లీ అన్నిటికీ "సరే సార్" అనేశాడు. అందుకే ఇప్పుడు ఎవరెందుకు మానేశారో ప్రతి నెలా కలిసి కూర్చుని రాసుకుంటున్నాం. రేటు కూడా బయటికన్నా కాస్త ఎక్కువే పడుతోంది.

మాది ఏడాది పొడవునా ఒకే రకం పని కాబట్టి రెండు ఏజెన్సీలు సరిపోయాయి. ఎప్పుడో ఒకసారి ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లు కావాల్సిన చోట ఇది కుదురుతుందని చెప్పలేను. నేనైతే ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగించమని రాశాను, ఆ నెలవారీ సమావేశాన్ని షరతుగా చేర్చి.