24 అంగుళాల ఇత్తడి రోలింగ్ (ఏటా చేతులు మారే) కప్పు: కప్పు గట్టిది, పీఠం మాత్రం మార్పించాలి

ఏటా చేతులు మారే ఫుట్‌బాల్ కప్పు కావాలని అడిగితే నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ షీల్డుల దుకాణం వాళ్లు ముందు ఎత్తయినవే దించుతారు. మూడడుగులు ఉండి ఒంటి చేత్తో లేచిందంటే అది పూత వేసిన ప్లాస్టిక్. ఒక్క ఏడాది బహుమతికి అది చాలు. పదేళ్లు, ఇరవై ఏళ్లు తిరగాల్సిన కప్పుకు మాత్రం వెనక వరుసలో ఉండే ఈ 24 అంగుళాల నికెల్ పూత ఇత్తడి కప్పే తీసుకోండి.

కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే అది ఇనుప రేకు, రెండు వానాకాలాలకే తుప్పు తేలుతుంది. అంటుకోనంత మాత్రాన ఇత్తడి అనుకోవద్దు, అల్యూమినియం కూడా అంటుకోదు. పీఠం విప్పించి కప్పు అడుగున పూత పడని చోట చూడండి, పసుపు రంగు కనిపించాలి. చెవులు టంకం పెట్టినవి కాకుండా స్క్రూలతో బిగించినవి ఎంచుకోండి. గెలిచిన జట్టు రెండు చెవులు పట్టి కప్పు పైకెత్తితే పీఠం బరువంతా ఆ అతుకుల మీదే పడుతుంది. టంకం ఒకసారి ఊడితే మళ్లీ పెట్టేటప్పుడు వేడికి చుట్టూ పూత నల్లబడుతుంది. స్క్రూ అయితే మళ్లీ బిగించుకోవచ్చు.

ఇక పీఠం. కప్పుతో వచ్చేది 6 అంగుళాల గుండ్రటి పీఠం, చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు. ఒక్క వానకు తడిస్తే ఉబ్బుతుంది, నడిమి బోల్టుకు పట్టు పోతుంది, కప్పు ఊగడం మొదలవుతుంది. అంతకన్నా పెద్ద లోపం, పేర్లకు చోటు లేకపోవడం. దాని చుట్టుకొలత దాదాపు 19 అంగుళాలు. రెండున్నర అంగుళాల పేరు రేకులు సందు వదిలి అంటిస్తే ఆరే పడతాయి. ఏడో ఏడు ఏం చేస్తారు? వడ్రంగి దగ్గర 9 అంగుళాల చదరం, 4 అంగుళాల ఎత్తుతో టేకు పీఠం చేయించండి. పక్కకు మూడు చొప్పున వరుసకు 12, రెండు వరుసలకు 24 ఏళ్లు వస్తాయి. చదును పక్కల మీద రేకు లేవదు, గుండ్రటి దాని మీద అంచులు ఎప్పుడూ పైకి లేస్తుంటాయి. అడుగున నట్టు, వాషర్ లోపలికి దిగేలా గుంట తీయించాలి, లేకపోతే కప్పు బల్ల మీద సమంగా నిలబడదు.

పీఠం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కప్పు చరిత్ర ఉండేది అక్కడే. 1888లో సిమ్లాలో మొదలైన ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్ కప్ విజేతల పట్టీ చూడండి. 1950, 1954, 1957లలో హైదరాబాద్ సిటీ పోలీస్. 1961లో ఆంధ్రా పోలీస్. పేరు మారింది గానీ మన పోలీసు జట్టే. 1960లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఉమ్మడి విజేతలు, అంటే ఒకే రేకులో రెండు పేర్లు పట్టాలి. 1962లో పోటీ జరగనే లేదు. 1941లో మొదలైన, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలోనూ ఇంతే: 1956-57, 1957-58లలో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్. ఆ ఏడు జట్టు ఏ పేరుతో ఆడిందో ఆ పేరే చెక్కించాలి. 2016 జిల్లాల విభజనకు ముందు సూర్యాపేట జట్టు గెలిచిన రేకు మీద 'నల్గొండ జిల్లా' అని ఉంటే దాన్ని అట్లాగే ఉంచండి. పోటీ జరగని ఏడుకు కూడా ఒక రేకు కొట్టించండి. లేదంటే ఆ రేకు ఊడి పడిపోయిందేమోనని తర్వాతివాళ్లు వెతుక్కుంటారు.

చెక్కే పనిలో ఎక్కువ తప్పులు తెలుగుతోనే వస్తాయి. చాలా దుకాణాల్లో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు వాడతారు, ఫోన్లో టైపు చేసే తెలుగు వాటికి సరిపడదు. మీరు వాట్సాప్‌లో పంపినది అందులో అతికిస్తే ఒత్తులు తారుమారవుతాయి, 'ఫుట్‌బాల్' కాస్తా 'ఫుట్బాల్' అయిపోతుంది. రేకు సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, ఒక్కో అక్షరం చూసి ఒప్పుకున్నాకే చెక్కించండి. ముప్పావు అంగుళం ఎత్తు రేకులో రెండు వరుసలకు మించితే ఒత్తులు పూడిపోతాయి. ఏడు, జట్టు పేరు చాలు. రంగు ప్రింటు వద్దు, ఎండకు వెలుస్తుంది. జిగురు టేపును మాత్రమే నమ్మకుండా అటూ ఇటూ చిన్న ఇత్తడి మేకులు కొట్టించండి. మన ఎండలకు టేపు ఎండి రేకు రాలిపోతుంది.

బిందె తోమినట్టు చింతపండుతో తోమకండి, ఇసుక కలిసిన పొడి అసలే వద్దు, పూత గీరుకుపోతుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు. బోరు నీళ్లు తగిలితే వెంటనే తుడవాలి, ఆరితే తెల్ల మరకలు పడతాయి.

కప్పుకు ఐదుకు నాలుగు. దాంతో వచ్చే పీఠానికి ఒకటి కూడా ఎక్కువే.

దీనితో పాటే, గెలిచిన జట్టు తన దగ్గరే ఉంచేసుకోవడానికి 8 అంగుళాల చిన్న కప్పు ఒకటి తీసుకోండి. డ్యూరాండ్‌లో కూడా డ్యూరాండ్ కప్, సిమ్లా ట్రోఫీ తిరిగి ఇచ్చేయాలి, ప్రెసిడెంట్స్ కప్ మాత్రం గెలిచినవాళ్లకే ఉండిపోతుంది. పెద్ద కప్పు ఇచ్చేటప్పుడు తిరిగిచ్చే తేదీ రాసి సంతకం తీసుకోండి, దుకాణం అద్దాల్లో ప్రదర్శనకు పెట్టనివ్వకండి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్ఏ కప్ తొలి ట్రోఫీ 1895లో బర్మింగ్‌హామ్‌లో అట్లాగే ఒక దుకాణం నుంచి దొంగల పాలైంది, మళ్లీ దొరకలేదు.